బట్టల గది గీయాల్సింది నీళ్ల దారి నుంచి

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం పత్రికల్లో వచ్చే పేజీల్లో వంటగది ఉంటుంది, పూజగది ఉంటుంది, పిల్లల గదికి ఏ రంగు వేయాలో ఉంటుంది. బట్టలు ఉతికే చోటు గురించి ఎప్పుడైనా వస్తే ఒక ఫొటో వస్తుంది. గాజు తలుపు మిషను, పక్కన వెదురు బుట్ట, బుట్టలో తెల్లటి తువ్వాళ్లు. ఆ గదిలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, వాడాక ఎటు పోతాయో ఫొటోలో కనబడదు. అనంతపురం, కడప, కర్నూలు ఊళ్లలో ఆ గది చెడేది సరిగ్గా అక్కడే. ఇళ్లలో పైపుల పని, కరెంటు పని చేసేవాళ్లుగా ఈ ఉత్తరం రాస్తున్నాం. కట్టబోయేవాళ్లకు పనికొస్తుందనుకుంటే అచ్చు వేయండి.

ఇప్పుడు జరిగేది ఇది. వంటగది వెనక 4 అడుగుల సందు మిగిలితే ప్లానులో దానికి యుటిలిటీ అని పేరు రాస్తారు. స్లాబు పడుతుంది, టైల్సు అతుకుతాయి, గృహప్రవేశం అవుతుంది. ఆ తర్వాత మిషను వస్తుంది. అప్పుడు చూస్తే కుళాయి ఒక మూల, ప్లగ్గు ఇంకో మూల, నీళ్లు పోయే జాలీ మూడో మూల. మిషను గొట్టం గది మధ్యలో నేల మీద పాములా పడుకుంటుంది. ఇక ఆ గదిలో ఇస్త్రీ లేదు, మడతలు లేవు, తడి కాళ్లతో దాటడమే. గది చిన్నదని తిట్టుకుంటారు గానీ 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉంటే చాలు. అందులో ఉతకడం, నానబెట్టడం, ఆరేయడం, ఇస్త్రీ, చీపుర్లు, కుట్టు మిషను అన్నీ ఇముడుతాయి. కావలసింది వరస. ముందు మురుగు, తర్వాత నీళ్లు, తర్వాత కరెంటు, చివరికి మిషను.

మురుగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎక్కువ తప్పులు అక్కడే. నేల మీద నీళ్లు పోవడానికి నహానీ ట్రాప్, అంటే జాలీ కింద కాస్త నీళ్లు నిలిచి మురుగు వాసనను ఆపే గిన్నె, పెడతారు కదా, అది వాకిలి దగ్గర కాకుండా మిషను, తొట్టి ఉండే గోడ వెంబడే ఉండాలి. నేల వాలు ప్రతి 8 అడుగులకు ఒక అంగుళమైనా ఉండాలి. టైల్సు వేసే మేస్త్రీ కంటిచూపుతో వాలు ఇస్తాడు. సిమెంటు ఆరాక ఒక బకెట్టు నీళ్లు పోసి, ఐదు నిమిషాల తర్వాత మడుగు ఎక్కడ నిలిచిందో చూసి, అప్పుడే మేస్త్రీకి చూపించాలి. టైల్సు సందుల్లో గ్రౌటు పోసేశాక అడిగితే లాభం లేదు. ఆ ట్రాప్ నుంచి బయటికి పోయే పైపు 75 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు.

మిషను నీళ్లను ఆ నేల జాలీలోకి నేరుగా వదలొద్దు. గోడలో 50 మిల్లీమీటర్ల నిలువు పైపు ఒకటి విడిగా పెట్టించుకోవాలి. దాని నోరు నేల నుంచి రెండు నుంచి మూడు అడుగుల మధ్య ఉండాలి, కింద వంపులో నీళ్లు నిలిచే ట్రాప్ ఉండాలి. చేతులు కడిగే బేసిన్‌కు వాడే 32 మిల్లీమీటర్ల పైపు సరిపోదు. మిషను పంపు ఒక్కసారిగా తోసినప్పుడు నోటి నుంచి పొంగుతుంది. మిషను గొట్టాన్ని ఈ నిలువు పైపులోకి 4 నుంచి 6 అంగుళాలే దించాలి. వాసన వస్తుందని చుట్టూ గుడ్డ కుక్కడం, టేపు చుట్టడం చేయొద్దు, గాలి పోయే సందు ఉండాలి.

ఎందుకంటే, గొట్టం మరీ లోపలికి దిగినా, గాలి ఆడకపోయినా, లేక గొట్టాన్ని నేల మీదే పడేసినా సైఫన్ పడుతుంది. డ్రమ్ములో నీటి మట్టం కంటే గొట్టం కొస కిందికి ఉన్నప్పుడు, ఒకసారి నీళ్లు కదిలాయంటే పంపు ఆగినా అవి వాటంతట అవే జారిపోతాయి. మిషను నింపుతుంది, నీళ్లు పోతాయి, మళ్లీ నింపుతుంది. గంటలో అవ్వాల్సిన ఉతుకు మూడు గంటలైనా అవ్వదు, సంపు ఖాళీ అవుతుంది. నీళ్లు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వు పోయిందని మారుస్తారు, బోర్డు పోయిందని మారుస్తారు. గొట్టాన్ని డ్రమ్ములో నీటి మట్టం కంటే పైకెత్తి కట్టి ఉంటే సరిపోయేది. ఈ తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. నీళ్లు పడుతున్నప్పుడు నిలువు పైపు దగ్గర చెవి పెట్టాలి. నింపే సమయంలోనే అక్కడ కూడా పారే చప్పుడు వినిపిస్తే సైఫనే.

పైనుంచి బట్టలు వేసే మిషన్లలో చాలావాటికి అసలు పంపు ఉండదు, అడుగున వాల్వు తెరుచుకుని నీళ్లు కిందికి జారతాయి. వాటికి పైన చెప్పింది అంతా తలకిందులు. గొట్టం నేల మట్టంలోనే ఉండాలి, పైకి ఎత్తితే నీళ్లు దిగవు. అలాంటి మిషనుకు అర అడుగు ఎత్తు గట్టు కట్టి దానిమీద కూర్చోబెడితే నీళ్లు సులువుగా పోతాయి, వాననీళ్లూ తగలవు. చక్రాల స్టాండు మాత్రం వద్దు. పిండేటప్పుడు మిషను నడుచుకుంటూ పోతుంది. పంపు ఉన్నదా లేదా అన్నది మిషను పుస్తకంలో ఉంటుంది. కొన్నాక కాదు, గోడలో పైపు పెట్టేముందు చూడాలి.

బయట గదిలో ట్రాపులకు మన ఎండలతో ఇంకో పేచీ. ఏప్రిల్, మే నెలల్లో పది రోజులు ఇంట్లో లేకపోతే ట్రాపులో నిలిచే రెండంగుళాల నీళ్లు ఆవిరైపోతాయి. ఆ నీళ్లే మురుగు వాసనకి, బొద్దింకలకి అడ్డం. ఊరికి పోయేముందు ఒక చెంబు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వదిలితే తొందరగా ఆరిపోవు.

ఇక వచ్చే నీళ్లు. ముందు ఒత్తిడి. ముందు తలుపు మిషన్లకు సాధారణంగా 0.3 బార్ ఒత్తిడైనా కావాలి, అంటే కుళాయి నుంచి ట్యాంకు అడుగు వరకు కనీసం 10 అడుగుల ఎత్తు. కొన్నింటికి 0.5 బార్ కావాలి. మిద్దె మీద ట్యాంకు పెట్టి కింద మిషను పెడితే అటూ ఇటూగా సరిపోతుంది, ట్యాంకు కింద 3 అడుగుల దిమ్మె ఉంటే మంచిది. అదే మిద్దె మీదే రేకుల గది వేసి ట్యాంకు పక్కన మిషను పెడితే, కుళాయిలో నీళ్లు ధారగా వస్తున్నట్టే కనిపిస్తాయి, మిషను మాత్రం నీళ్లు రావట్లేదని కూత పెడుతుంది. అక్కడ చిన్న ప్రెషర్ పంపు తప్పదు. ఇంకో చిన్న సంగతి. మన మామూలు కుళాయి అర అంగుళం, మిషను గొట్టం కొసనుండే మర ముప్పావు అంగుళం. బలవంతంగా ప్లాస్టిక్ క్లిప్పుతో బిగించింది ఏదో ఒక మధ్యాహ్నం ఊడి ఇల్లంతా చెరువవుతుంది. మిషను కోసమే ముప్పావు మర ఉండే కుళాయి దొరుకుతుంది, అది పెట్టించుకోవాలి. గొట్టం మిషనులోకి చేరే చోట వేలెడు జల్లెడ ఉంటుంది. బోరు ఇసుక వచ్చే ఇళ్లలో దాన్ని నెలకోసారి తీసి పళ్ల బ్రష్షుతో కడగాలి.

బోరు నీళ్ల ఉప్పుతనం అసలు తలనొప్పి. తాగే నీటికి ఉన్న భారత ప్రమాణం, ఐఎస్ 10500 ప్రకారం, కఠినత, అంటే నీళ్ల గట్టితనం, లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు మేలు, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఓర్చుకోవచ్చు. మీ బోరు ఎంతో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష. రెండు ఒకే రకం సీసాల్లో ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో మంచినీళ్లు సగం పోసి, రెండింటిలోనూ ఒంటి సబ్బు చెక్కులు ఒకే అంత వేసి ఊపాలి. బోరు సీసాలో నురగ రాకుండా పాలవిరుగుడు లాగా తెల్లటి తరకలు తేలితే నీళ్లు గట్టివే. డిటర్జెంటు పొడితో ఈ పరీక్ష చేయొద్దు, అది గట్టి నీళ్లలోనూ నురగ ఇస్తుంది.

ఆ తరకలే బట్టల మీద బూడిద రంగుగా, తువ్వాలు మీద అట్టలాగా కూర్చుంటాయి. సబ్బు బిళ్లతో చేత్తో ఉతికేవాళ్లు 20 లీటర్ల బకెట్టుకు ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 15 గ్రాముల బట్టల సోడా ముందుగా కలిపి పది నిమిషాలు ఆగితే చాలు. 600 కఠినత ఉన్న నీళ్లకు లెక్క కడితే 13 గ్రాములు సరిపోతుంది, మిగిలింది కొలతలో అటూ ఇటూ అయ్యేదానికి. పట్టుకు, ఉన్నికి మాత్రం సోడా తగలనీయొద్దు. ధర్మవరం పట్టుచీరకు ఈ గదితో పనే లేదు, దాన్ని పాత నూలు పంచెలో చుట్టి బీరువాలో పెట్టుకోండి.

మిషనులో అయితే గట్టి నీళ్లు హీటరు కడ్డీ మీద సున్నపు పొర కడతాయి. పొర మందమైన కొద్దీ కరెంటు ఎక్కువ తాగుతుంది, చివరికి కడ్డీ కాలిపోతుంది. నెలకో, రెండు నెలలకో డ్రమ్ములో బట్టలు లేకుండా 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి 60 డిగ్రీల మీద ఒక ఉతుకు తిప్పితే పొర కరుగుతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పే, మందుల షాపు దాకా పోనక్కర్లేదు. అదే రోజు డ్రమ్ములో బ్లీచింగు మాత్రం పడకూడదు. పులుపు, బ్లీచింగు కలిస్తే క్లోరిన్ గ్యాసు లేస్తుంది. కుళాయికి తగిలించే పారదర్శకపు గిన్నెలో తెల్లటి గోలీలుండే ఫిల్టరు అమ్ముతారు, అది కఠినతను తీసేయదు, సున్నం అంటుకోకుండా ఆపుతుంది. గోలీలు కరిగి సగమైతే మళ్లీ నింపాలి. ఖాళీ గిన్నెను ఏళ్ల తరబడి అలాగే వదిలేసిన ఇళ్లు ఎన్నో.

నీళ్లు పొదుపు చేద్దామని ఆర్వో మిషను వదిలే నీళ్లను బట్టల మిషనుకు పోసేవాళ్లున్నారు. ఆలోచన మంచిదే, చోటు తప్పు. ఆర్వో తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే చేరి ఉంటుంది, బోరు నీళ్లకన్నా అవి ఇంకా గట్టివి. వాటిని నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవాలి. పొదుపు చేయాల్సింది చివరి జాడింపు నీళ్లు. నిలువు పైపుకు పక్కనే ఇంకో కొస తీసి, రెండింటికీ చెరో బాల్ వాల్వు పెడితే, చివరి జాడింపుకి వాల్వు తిప్పి నీళ్లను గట్టు కింద డ్రమ్ములోకి పట్టొచ్చు. రెండు వాల్వులూ ఒకేసారి మూసి మరిచిపోతే నీళ్లకు దారి ఉండదు, అందుకే పిడి ఎటు తిరిగితే ఏది తెరుచుకుంటుందో గోడమీద రంగుతో గీసిపెట్టుకోవాలి. మొదటి ఉతుకు నీళ్లు చెట్లకు వద్దు. సోడా పడిన కొద్దీ నల్లరేగడి బిగుసుకుపోయి నీళ్లు లోపలికి ఇంకవు.

కరెంటుకు వస్తే, నీళ్లు వేడి చేసే మిషను సుమారు 2,000 వాట్లు లాగుతుంది, అంటే 9 ఆంపియర్లు. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మెయిన్ బోర్డులో దానికంటూ విడి ఎంసీబీ ఉండాలి. 6 ఆంపియర్ల ప్లగ్గుకు మారుపిన్ను తగిలించి నడిపితే పిన్ను కరిగి అతుక్కుపోతుంది. ఇస్త్రీ పెట్టెకు ఇంకో ప్లగ్గు. రెండూ నేల నుంచి 4 అడుగుల ఎత్తులో, కుళాయికి నేరుగా పైన కాకుండా ఒక అడుగుకు తగ్గకుండా పక్కకి ఉండాలి. గది మొత్తానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు పక్కకి కారితే తనంతట తానే పడిపోయే స్విచ్చు, పెట్టించాలి. తడి చేతికి షాకు కొట్టినా ప్రాణం మీదికి రాకముందే అది పడిపోతుంది. మిషను ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్తింగు లేనట్టే. మన నేలల్లో ఎర్తు గుంత ఎండాకాలం పూర్తిగా ఎండిపోతుంది, అప్పుడు కడ్డీ ఉన్నా లేనట్టే. గుంత మీద సిమెంటు చేయించి మూసేయకుండా మూత పెట్టించి, వేసవిలో వారానికోసారి ఒక బిందె నీళ్లు పోయాలి.

ఇప్పుడు అమరిక. 8 అడుగుల గోడ వెంబడి మిషనుకు 2 అడుగులు, లోతైన తొట్టికి 2 అడుగులు, బట్టలుతికే బండకు 3 అడుగులు, మిషనుకి తొట్టికి మధ్య పైపులకు ఒక అడుగు. మిషను వెనక నాలుగంగుళాలు వదలాలి, లేకపోతే గొట్టం మడతపడుతుంది. ఎదుటి గోడకు అడుగు వెడల్పు అరలు వేసినా మధ్యలో నిలబడి బట్టలు తీసుకోవడానికి రెండున్నర అడుగులు మిగులుతాయి. ద్వారబంధం లోపలి కొలత 27 అంగుళాలైనా ఉండాలి. బాత్రూం సైజు వాకిలి పెట్టించి, తర్వాత 60 సెంటీమీటర్ల మిషను అందులోంచి పట్టక కిటికీ ఊచలు కోసిన ఇళ్లు లేకపోలేదు.

అరలకు ప్లైవుడ్ వద్దు, ఆ తేమకు రెండేళ్లలో ఉబ్బుతుంది. మన ఇంటిముందే దొరికే కడప బండ ఉండగా దాని అవసరమేంటి? ముప్పావు అంగుళం మందం బండకు ప్రతి రెండు, రెండున్నర అడుగులకు ఒక ఆనుడు ఇస్తే డిటర్జెంటు డబ్బాలూ, ఇస్త్రీ పెట్టే, కుట్టు సామానూ ఏవైనా మోస్తుంది. ముందు తలుపు మిషను 33, 34 అంగుళాల ఎత్తు ఉంటుంది. దానికి తగలకుండా అంగుళం పైన బండ వేస్తే నిలబడి మడతలు పెట్టుకోవడానికి బల్ల దొరికినట్టే. పైనుంచి వేసే మిషనుకు ఇది కుదరదు, మూత తెరవాలి. బట్టలుతికే బండ మాత్రం రెండంగుళాల మందం, నడుమెత్తు, తొట్టి వైపు వాలు, ముందు అంచు గుండ్రంగా నూరించింది కావాలి. పదునైన అంచు ఉంటే పంచె అక్కడే చిరుగుతుంది. ఒకటే జాగ్రత్త. కడప బండ సున్నపురాయి జాతి, యాసిడ్ పడితే తెల్లటి మచ్చ పడుతుంది, నిమ్మ ఉప్పు నీళ్లు పడ్డా అంతే, ఆ మచ్చ కడిగితే పోదు.

యాసిడ్ అన్నాం కాబట్టి, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ సీసాను ఈ గదిలో పెట్టనే వద్దు. మూత బిగించినా సన్నగా ఆవిరి వదులుతుంది, ఆరు నెలల్లో స్టీలు కడ్డీలు, మిషను రేకు తుప్పు పడతాయి. గ్యాసు సిలిండరు కూడా ఇక్కడికే చేరుస్తుంటారు. వంటగ్యాసు గాలి కన్నా బరువు. కారితే నేల మీదే పరుచుకుని జాలీలోకి దిగుతుంది, పక్కనే మిషను మోటారు, ప్లగ్గుల నిప్పురవ్వ. సిలిండరు చోటు ఇది కాదు. ఇన్వర్టరు బ్యాటరీ కూడా చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. దాన్నీ ఈ గది బయట, గాలి ఆడే చోట, తడి పడని ఎత్తులో, ఇస్త్రీ ప్లగ్గుకు దూరంగా పెట్టాలి. ఈ మూడూ బయటికి పోతే చీపుర్లకి, తడిగుడ్డ కర్రకి, నిచ్చెనకి నిలువు చోటు దానంతట అదే దొరుకుతుంది.

బట్టల బుట్టలు మూడు ఉంటే చాలు. తెల్లవి, రంగువి, మట్టివి. మూడోదాన్ని ప్రత్యేకంగా చెప్పేది శనక్కాయ చేలో నుంచి వచ్చే బట్టల కోసం. మన ఎర్రమట్టి రంగు ఇనుపది. తడిపి రుద్దితే మరింత లోపలికి దిగుతుంది, బ్లీచింగుకు లొంగదు. ఎండనిచ్చి, దులిపి, పొడి బ్రష్షుతో రుద్ది, ఆ తర్వాతే నీళ్లలో ముంచాలి. మట్టి దులపకుండా మిషనులో వేస్తే ఆ మన్నంతా అడుగున పంపు ఫిల్టరులో చేరుతుంది.

ఆరేయడానికి మన ఊళ్లలో ఎండకు కరువు లేదు కదా అంటారు. ఎండ ఉంది, దుమ్మూ ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి, అదే రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి, మిద్దె మీద దండెం మీదున్న తెల్ల చొక్కాను గంటలో ఆరబెడుతుంది, ఎర్రగానూ చేస్తుంది. ఆ మూడు నెలలు గదిలోనే ఆరేయాలంటే పడమటి గోడకు పెద్ద కిటికీ వద్దు, పైభాగంలో సన్న జాలీ చాలు. ఉత్తరం, దక్షిణం ఎదురెదురు కిటికీలు ఉంటే గాలి ఆడుతుంది.

దండెం ఎంత కావాలో లెక్క కట్టుకోవచ్చు. చీర ఐదున్నర మీటర్లు, రెండు మడతలేస్తే 2.75 మీటర్ల దండెం. రెండు చీరలకు ఐదున్నర, ఒక దుప్పటికి రెండుంపావు, నాలుగు మీటర్ల పంచె మడతేస్తే రెండు, మూడు తువ్వాళ్లకు రెండుంపావు. మొత్తం 12 మీటర్లు, అంటే 40 అడుగులు. చొక్కాలు హ్యాంగర్లకు. కప్పుకు వేలాడదీసి తాడుతో దించుకునే 6 కడ్డీల దండెం, ఒక్కో కడ్డీ 7 అడుగులదైతే 42 అడుగులొస్తుంది. కడ్డీ కన్నా పొడవయ్యే చీరకు, దుప్పటికి ఇంకో మడత వేస్తే ఇంట్లో ఒక రోజు మూట దానిమీద పడుతుంది. చేత్తో పిండిన బట్టలు పొడి బరువుకి రెట్టింపు ఉంటాయి. కాబట్టి కప్పుకు చెక్క మొలలు, ప్లాస్టిక్ గట్టాలు కాకుండా ఇనుప యాంకర్ బోల్టులే కొట్టించాలి. ప్లాస్టిక్ తొడుగున్న ఇనుప తీగ దండేలు మన ఎండకు ఏడాదిలో పగిలి, ఆ పగుళ్లలోంచి తుప్పు చుక్క తెల్లబట్ట మీద దిగుతుంది. స్టీలు కడ్డీ, లేదా అల్యూమినియం పైపు మేలు.

ఇల్లు గీసే ఇంజినీర్లను, సూపర్‌వైజర్లను మీ పత్రిక ద్వారా ఒక్కటి అడుగుతున్నాం. యుటిలిటీ అని పేరు రాసి వదిలేయకుండా ప్లానులోనే నాలుగు గుర్తులు పెట్టండి. నిలువు పైపు నోరు ఏ ఎత్తున ఉంటుందో, ముప్పావు కుళాయి ఎక్కడో, 16 ఆంపియర్ల ప్లగ్గు ఎక్కడో, నేల జాలీ ఏ మూలో. స్లాబు పడకముందు ఈ గుర్తులకు ఖర్చు లేదు. టైల్సు అతికాక గోడ కొట్టాల్సిందే.

ముందు తలుపు మిషను ఇంటికొచ్చిన రోజు వెనకాల రవాణా బోల్టులు, సాధారణంగా నాలుగు, విప్పించారా లేదా చూసుకోండి. విప్పకుండా తిప్పితే మొదటి ఉతుకుకే మిషను గది చుట్టూ తిరుగుతుంది. విప్పినవి ఒక కవరులో కట్టి పై అరలో పెట్టండి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాలి.

ఇట్లు,
పైపుల పని, కరెంటు పని చేసే ఇద్దరం,
అనంతపురం.